షాపు ఊరిది... వ్యాజ్యం ఇద్దరిది!

మున్సిపల్ కాంప్లెక్సులో ఓ షాపు. పాటలో దక్కించుకున్నది ఒకాయన. నాలుగేళ్లు తిరిగేసరికి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది మరొకాయన. మధ్యలో ‘గుడ్‌విల్’ పేరుతో డబ్బు చేతులు మారింది. అద్దె రశీదు మాత్రం పాత పేరు మీదే వస్తోంది. రాజమండ్రి అనుకోండి, భీమవరం అనుకోండి... ఓ రోజు ఇద్దరికీ చెడింది. ఒకరు కోర్టుకెళ్లి ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. అసలు యజమాని అయిన మున్సిపాలిటీ పేరు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు!

‘మా షాపు గురించే కదా, మా మాటా వినండి’ అని మున్సిపాలిటీ అడగొచ్చా?

అడగొచ్చు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 1, రూల్ 10 అందుకే ఉంది. వివాదం పూర్తిగా తేలాలంటే ఎవరు ఉండాలో వారిని కోర్టు ఏ దశలోనైనా చేర్చుకోవచ్చు. మన వకీళ్లు ‘ఇంప్లీడ్ పిటిషన్’ అనేది దీన్నే.

ఈ రూలు మీద తరచూ చెప్పుకునే తీర్పు మన హైదరాబాద్ కేసులోదే. నిజాం రెండో కుమారుడు మొజ్జం జా తన భర్త అని ప్రకటించాలంటూ రజియా బేగం దావా వేశారు. ఆయన వెంటనే ఒప్పేసుకున్నారు. వాది, ప్రతివాది ఒక్కమాట మీద ఉంటే ఇక తగువేముంది? అప్పుడు ఆయన మరో భార్య అన్వర్ బేగం, ఆమె కొడుకు ‘మమ్మల్నీ చేర్చండి’ అన్నారు. 1958లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో సరేనంది. అయితే అది భార్యాభర్తల హోదాకు సంబంధించిన కేసు. ఆస్తి తగాదాల్లోకి రావాలంటే అందులో నేరుగా హక్కు ఉండాలని కూడా అదే తీర్పు చెప్పింది.

షాపు యజమానికి ఆ హక్కు లేకేం? ఉంది. కానీ అన్ని కేసుల్లోనూ అది పనికిరాదు. బొంబాయిలో ఓ పెట్రోలు బంకు డీలరు కూల్చివేత నోటీసు మీద కార్పొరేషన్‌పై దావా వేస్తే, బంకు అప్పగించిన హిందుస్థాన్ పెట్రోలియం తనను కూడా చేర్చమంది. 1992లో సుప్రీంకోర్టు కుదరదంది. అక్కడ తేలాల్సింది నోటీసు చెల్లుతుందా లేదా అన్నదే మరి. కాబట్టి పాటదారు, అతని భాగస్వామి లాభాల లెక్కల కోసం కొట్లాడుకుంటుంటే మున్సిపాలిటీకి అక్కడ పని లేదు. షాపులో ఎవరుండాలన్నదే తగువైతే మాత్రం ఉంది.

ఇంకో మెలిక. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మొదట్నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే గోదావరి జిల్లాలకూ వర్తించింది. దాని ప్రకారం లైసెన్సు అంటే వాడుకునే అనుమతే, ఆస్తిలో వాటా కాదు. మామూలుగా ఇంకొకరికి బదిలీ చేయడానికీ వీల్లేదు. పాటదారు అమ్మింది తనది కానిదన్నమాట! (పైన లైసెన్సు అని రాసుకున్నా లోపల షరతులు లీజులా ఉంటే కోర్టు లీజుగానే చూస్తుంది, అది వేరే సంగతి.)

ఆ ఇద్దరి మధ్య వచ్చిన డిక్రీ, కేసులో లేని మున్సిపాలిటీని మామూలుగా కట్టడి చేయదు. అలాగని ఊరుకుంటే ఏళ్లు గడుస్తాయి. పాత అద్దె పాతగానే ఉంటుంది. మళ్లీ పాట జరగదు. ఇటు సొమ్ము పోసి కూర్చున్న చిన్న వ్యాపారికి తన కాళ్ల కింద నేల ఎవరిదో చివరిదాకా తెలియదు. నన్నడిగితే ఎక్కువ నష్టం అతనికే.

ప్రకాశం పంతులు లాంటి ప్లీడరు మున్సిపల్ ఛైర్మన్‌గా చేసిన ఊరు రాజమండ్రి. అలాంటి చోటైనా సరే, పిటిషన్‌తో పాటు పాట షరతులు, లైసెన్సు పత్రం, అద్దె రిజిస్టరు జడ్జి ముందు పెట్టాల్సిందే. బీరువాలో ఫైలు దొరకాలి కదా! ఆ పిటిషన్ మున్సిపాలిటీయే వేయాలనీ లేదు. షాపులో ఉన్న వ్యాపారి కూడా అదే రూలు కింద ‘మున్సిపాలిటీని పిలవండి’ అని అడగొచ్చు. ఎవరూ అడక్కపోయినా కోర్టు తనంతట తానే చేర్చొచ్చు.