కండక్టర్లు ఎక్కిన మెట్లు

లండన్‌లో డబుల్ డెక్కర్ బస్సు ఎక్కితే నాకు జెర్రీ మోరిస్ గుర్తొస్తాడు. గుండెపోటు ఎవరికి ఎక్కువో తేల్చడానికి ఆ డాక్టరు ఈ బస్సులనే పట్టుకున్నాడు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. అదే బస్సులో కండక్టరు టికెట్ల కోసం రోజుకి ఐదారు వందల మెట్లెక్కుతాడు. 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం గుండెజబ్బు కండక్టర్లకే తక్కువ. డ్రైవర్లు ముందునించే లావేమో అన్న అనుమానం ఆయనకీ వచ్చింది. యూనిఫాం కొలతలు తెప్పించి చూశాడు. నిజమే, లావే. అయినా సన్నవాళ్లని సన్నవాళ్లతో, లావువాళ్లని లావువాళ్లతో పోల్చినా కండక్టర్లే నయం.

వాళ్లలో ఎవరూ వ్యాయామం కోసం మెట్లెక్కలేదు. నాకు నచ్చింది అదే. ఇప్పుడా కండక్టర్లు లేరు, కార్డు ఆనిస్తే చాలు. నడక బస్సులో పోయింది కాబట్టి వీధిలో వెతకాలి. ఇక్కడి వాల్థమ్ ఫారెస్ట్‌లో కార్లు అడ్డదారిన దూసుకుపోకుండా కొన్ని వీధులు మూసి, సైకిలు దారులు వేశారు. 2015లో ప్రారంభం రోజున కొందరు శవపేటికతో నిరసన తెలిపారు. తర్వాత సర్వే చేస్తే, మార్పులు బాగా జరిగిన చోట జనం వారానికి 41 నిమిషాలు ఎక్కువ నడిచారు, సైకిలు తొక్కారు.

మొన్న ఫోన్లో, హైదరాబాదులో ఉన్న మా నాన్నగారిని వాకింగ్‌కి వెళ్తున్నారా అని అడిగాను.

"పార్కు ఎదురుగానే ఉందిరా. ఆ రోడ్డు దాటలేక కారులో వెళ్తున్నా" అన్నారు.