కాశీలో వదిలేసిన వంకాయ

మా మేనత్త కాశీ వెళ్లి వంకాయ వదిలేసి వచ్చింది. వంకాయంటే ప్రాణం ఆవిడకి. ఆ తర్వాత ఏ పెళ్లిలో గుత్తివంకాయ ఘుమఘుమలాడుతూ వచ్చినా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేసేది. "ఒక్క ముక్కేనండీ, ఎవరు చూడొచ్చారు" అని వడ్డించేవాళ్లు బతిమాలేవాళ్లు. ఊఁహూఁ. వదిలేసింది మళ్లీ పట్టుకోవడమంటూ లేదు. మా బాబాయి మాత్రం గడుసువాడు, కాకరకాయ వదిలేశాడు. పుట్టి బుద్ధెరిగి అది నోట పెట్టినవాడే కాదు!

ఇప్పుడీ వంకాయ గోల ఎందుకర్రా అంటే, ప్రోగ్రాముల చేత కూడా ఇలా ఒట్టు పెట్టించే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. పేరు ఓపెన్‌బీఎస్‌డీ. విండోస్, లైనక్స్ మీరు విన్నవే. ఇది వాటంత పేరు మోసింది కాదు. థియో డి రాట్ అనే ఆయన 1995లో నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లతో పడక బయటికొచ్చి, కెనడాలోని కాల్గరీలో దీన్ని మొదలుపెట్టాడు. కోడ్ మొత్తం బాహాటం, ఎవరైనా చదువుకోవచ్చు. 1996 అక్టోబరులో 2.0 విడుదలైంది. అక్కణ్నుంచి దాదాపు ఆరు నెలలకొకటి చొప్పున 2.1, 2.2 అనుకుంటూ, ఒక్క అంకె కూడా ఎగరగొట్టకుండా 2025 అక్టోబరుకి 7.8 దగ్గరికొచ్చారు. వేళ్ల మీద లెక్కేసుకోండి, 59వది తేలుతుంది. 6.9 తర్వాత 7.0 వచ్చినప్పుడు కూడా బాజాభజంత్రీలేం లేవు. డబ్బున్న సంసారమా అంటే అదీ కాదు. 2014 మొదట్లో సర్వర్ల కరెంటు బిల్లుకి 20,000 డాలర్లు కావాలని లోకాన్ని అడిగారు. పాపం, లోకం ఇచ్చింది లెండి.

ఒట్టు సంగతికొద్దాం. 2016లో వచ్చిన 5.9తో ప్లెడ్జ్ అనేది గట్టిగా అమల్లోకి వచ్చింది. క్యాట్ అని చిన్న ప్రోగ్రాముంది, ఫైల్లో ఉన్నది తెర మీద చూపించడమే దాని పని. ఆ పనికి ఇంటర్నెట్ ఎందుకు? కొత్త ఫైళ్లు రాయడమెందుకు? ఇంకో ప్రోగ్రామును లేపడమెందుకు? అందుకని అది మొదలవుతూనే కెర్నెల్‌కి మాటిచ్చేస్తుంది: "నాకు చదవడం, చదివింది చూపించడం చాలు, మిగతావన్నీ వదిలేస్తున్నాను." కోడ్‌లో ఇదంతా ఒక్క వరసే. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇంటిపెద్ద లాంటిది. ఒకసారి ఆయనతో వదిలేశానని చెప్పాక తిరిగి తెచ్చుకోవడం కుదరదు. ఉన్నవాటిలో ఇంకొన్ని వదులుకోవచ్చంతే. మాట తప్పి వంకాయ మీద చెయ్యేస్తే? ఇంటిపెద్ద ఆ ప్రోగ్రామును అక్కడికక్కడే చంపేస్తాడు. బతిమాలుకోవడాలు, జరిమానాలు ఏమీ లేవు.

"దొంగ ప్రోగ్రాము అసలు మాటెందుకిస్తుంది తాతయ్యా?" అని మా మనవరాలు వెంటనే పట్టుకుంది. భేషైన ప్రశ్న. దొంగ ఇవ్వదమ్మలూ. ఈ ఏర్పాటు దొంగ కోసం కాదు, మంచివాడి కోసం. ఎంత జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములోనైనా ఎక్కడో ఒక తప్పు నక్కి ఉంటుంది. ఆ తప్పు తెలిసినవాడు విషం కలిపిన ఫైలు ఒకటి పంపిస్తాడు. ఫైలు తెరవగానే ప్రోగ్రాము పగ్గాలు వాడి చేతికి పోతాయి. పగ్గాలైతే దొరికాయి గానీ, మన క్యాట్ నెట్టును ముందే వదిలేసింది కదా! లోపలికొచ్చినవాడు ఏమీ బయటికి పంపలేడు. పంపబోతే ప్రోగ్రామే చస్తుంది. అయితే రాసేవాడు మా బాబాయిలా చేయకూడదు. ఎప్పుడూ వాడనివి మాత్రమే కాదు, ఒకసారి వాడి పని అయిపోయినవి కూడా వదిలేయాలి. అందుకే చాలా ప్రోగ్రాములు ముందు కావలసిన ఫైళ్లు తెరుచుకుని, ఆ తర్వాత తెరిచే అధికారాన్నే వదిలేస్తాయి. నాకీ కిటుకు మహా ఇష్టం.

2018లో దీనికి తోడుగా అన్‌వీల్ వచ్చింది. "నాకు ఫలానా ఫోల్డర్లే కనిపించనీ" అని ప్రోగ్రామే అడిగి మరీ కళ్లకు గంతలు కట్టించుకుంటుంది. డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇది బ్రౌజర్‌లో ఎదురవుతుంది. అక్కడ ఫైర్‌ఫాక్స్, క్రోమియం తెరిచి ఏదైనా అప్‌లోడ్ చేయబోతే, మీ ఫైళ్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉన్నవి కనిపిస్తాయి గానీ పెళ్లి ఫోటోలు, బ్యాంకు కాగితాలు దాచుకున్న ఫోల్డర్ల జాడ ఉండదు. మొదటిసారి ఫైళ్లన్నీ పోయాయని గుండె జారుతుంది. పోలేదు, బ్రౌజర్‌కి వాటి ఊసు తెలియదంతే. కావలసినదాన్ని మీరే డౌన్‌లోడ్స్‌లోకి కాపీ చేసివ్వాలి. విసుగే, కాదనను. కానీ రోజూ వందమంది అపరిచితులతో మాట్లాడే బ్రౌజర్‌కి బీరువా తాళాలెందుకు, మీరే చెప్పండి.

ఇదంతా ఎక్కడో కెనడా గొడవ అనుకోకండి. హైదరాబాదులోనో డాలస్‌లోనో కూర్చుని మన పిల్లలు ఎస్‌ఎస్‌హెచ్ కొట్టి ఎక్కడెక్కడి సర్వర్లలోకో వెళుతుంటారే, ఆ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వీళ్ల చేతి పనే. 1999 నుంచి ఉంది. లైనక్స్, మ్యాక్, చివరికి విండోస్‌లోకి కూడా చేరింది. అందులో ఈమధ్య మంచి మార్పొకటి జరిగింది. ఎవరో తలుపు తట్టి "నేను ఫలానా" అంటాడు చూడండి, నిజమో కాదో తేలేదాకా ప్రమాదమంతా ఆ కాసేపే. వచ్చినవాడు ఎవడో తెలియకుండానే వాడితో మాట్లాడాలి మరి. ఒకప్పుడు తలుపు దగ్గర కాపలా, వచ్చినవాణ్ని వాకబు చేయడం, లోపలికి తీసుకెళ్లడం అన్నీ ఒకే ప్రోగ్రాములో ఉండేవి. 2024 జులైలో కాపలా పనిని విడదీశారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 10.0లో వాకబు పనిని కూడా వేరే ప్రోగ్రాముకి అప్పజెప్పారు. వాకబు అయిపోగానే ఆ ప్రోగ్రాము, దాని జ్ఞాపకమూ రెండూ పోతాయి. ఓపెన్‌బీఎస్‌డీ మీద అదీ ప్లెడ్జ్ చేసినదే. తెరిచి ఉన్న దారిలో నాలుగు మాటలు చెప్పడం, వినడం తప్ప దాని చేతిలో ఏమీ లేదు.

మీలో ఎవరైనా పాత ల్యాప్‌టాప్‌లో దీన్ని వేసి చూస్తామంటే వేయండి, గ్నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్‌లు ప్యాకేజీల్లో దొరుకుతాయి. కొత్త విడుదలకి మారడానికి సిస్‌అప్‌గ్రేడ్ అనే కమాండు ఉంది. బ్లూటూత్ మాత్రం వెతక్కండి. సరిగ్గా పనిచేయడం లేదని ఆ కోడ్‌ను 2014లోనే పీకేశారు. ఇంకొకటి. వీడియో కాల్‌లో మీ మాట అమ్మమ్మకి వినిపించకపోతే నెట్టును తిట్టకండి. మైకులో ఎంత అరిచినా ప్రోగ్రాములకు నిశ్శబ్దమే అందించేలా పెట్టి ఇస్తారు వాళ్లు. కెర్న్ డాట్ ఆడియో డాట్ రికార్డ్ అనే సెట్టింగు సున్నా మీద ఉంటుంది, సర్వాధికారాలూ ఉన్న రూట్‌గా వెళ్లి దాన్ని 1 చేయండి.