విద్యుత్తు కారుకు మేత ఖర్చెంత?

ఏనుగును కొనడం ఒక ఎత్తు, దాన్ని మేపడం మరొక ఎత్తు. కారు సంగతీ అంతే. కొనేటప్పుడు ధర ఒక్కసారే ఇస్తాము. ఆ తరువాత అది నడిచినన్నాళ్ళూ దానికి మేత పెడుతూనే ఉండాలి. విద్యుత్తు కారుకు మేత విద్యుత్తే. కారులోని బ్యాటరీని విద్యుత్తుతో నింపడాన్ని చార్జింగు అంటారు. బ్రిటనులో చార్జింగు ఎక్కడెక్కడ చేయవచ్చు? అందులో ఏది చౌక? లెక్క కట్టి చూద్దాము.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. విద్యుత్తును యూనిట్లలో కొలుస్తారు. ఒక కిలోవాటు పరికరం ఒక గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఇంటికి వచ్చే బిల్లులో ఉండే కిలోవాట్-అవర్ ఇదే. ఒక యూనిట్‌తో మామూలు విద్యుత్తు కారు సుమారు మూడున్నర మైళ్ళు నడుస్తుంది.

చార్జింగు పద్ధతులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, ఇంట్లోని మూడు పిన్నుల సాకెట్. మీ అమ్మగారు కెటిల్ తగిలించేది ఇటువంటి సాకెట్‌కే. దీని నుండి కారుకు గంటకు సుమారు 2.3 యూనిట్లు అందుతాయి. 60 యూనిట్ల బ్యాటరీ నిండడానికి 26 గంటలు పడుతుంది. కొత్త పరికరం కొననక్కర లేదు. కాని ఇంటి తీగలు అన్ని గంటలు ఆ భారం మోయగలవో లేదో ఎలక్ట్రీషియన్ చేత ముందుగా చూపించుకోవాలి.

రెండవది, ఇంటి బయటి గోడకు బిగించే చార్జరు పెట్టె. ఇది గంటకు సుమారు 7 యూనిట్లు ఇస్తుంది. రాత్రి తగిలిస్తే తెల్లవారేసరికి బ్యాటరీ నిండుతుంది.

మూడవది, వీధి దీపస్తంభానికి అమర్చిన చార్జరు. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది.

నాలుగవది, మోటారు మార్గాల పక్కన ఉండే వేగపు చార్జరు. దీని శక్తి 50 కిలోవాట్లు గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటుంది.

ఇక లెక్కకు వద్దాము. ఒక కుటుంబం ఏడాదికి 7,000 మైళ్ళు తిరుగుతుందని అనుకోండి. 7,000ను మూడున్నరతో భాగిస్తే 2,000 యూనిట్లు. ఎనిమిదేళ్ళకు 16,000 యూనిట్లు. చార్జింగులో కొంత విద్యుత్తు వేడిగా మారి పోతుంది గాని, దాన్ని ఇక్కడ వదిలేద్దాము. ధరలు కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి. కనుక లెక్క కోసం కొన్ని గుండ్రని అంకెలు తీసుకుందాము.

సాకెట్, మామూలు ధర, యూనిట్ 25 పెన్నీలు: 4,000 పౌండ్లు.
గోడ పెట్టె, రాత్రి ధర, యూనిట్ 8 పెన్నీలు: 1,280 పౌండ్లు. పెట్టె కొని బిగించడానికి మరో 1,000. మొత్తం 2,280 పౌండ్లు.
దీపస్తంభం, యూనిట్ 45 పెన్నీలు: 7,200 పౌండ్లు.
వేగపు చార్జరు, యూనిట్ 75 పెన్నీలు: 12,000 పౌండ్లు.

చూశారా! మొదటిరోజు వెయ్యి పౌండ్లు అడిగిన పెట్టే చివరకు అన్నిటికంటే చౌక అయింది. సాకెట్‌తో పోలిస్తే అది ఏడాదికి 340 పౌండ్లు మిగులుస్తుంది. కాబట్టి మూడేళ్ళలో దాని ఖరీదు తిరిగి వచ్చేస్తుంది.

అయితే అందరికీ ఇదే లెక్క సరిపోదు. ఏడాదికి 1,400 మైళ్ళు మాత్రమే తిరిగే తాతగారికి 400 యూనిట్లు చాలు. ఆయనకు మిగిలేది ఏడాదికి 68 పౌండ్లే. వెయ్యి పౌండ్లు తిరిగి రావడానికి దాదాపు 15 ఏళ్ళు పడుతుంది. ఆయనకు సాకెట్టే మేలు.

రాత్రి విద్యుత్తు ఎందుకు చౌక? రాత్రి అందరూ నిద్రపోతారు, వాడకం తగ్గుతుంది. గాలిమరలు మాత్రం గాలి ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటాయి. అప్పుడు వాడుకునే వారికి కొన్ని కంపెనీలు ధర తగ్గిస్తాయి.

వేగపు చార్జరు ఎందుకు ఖరీదు? పెద్ద యంత్రం, స్థలం అద్దె, లావుపాటి కేబుళ్ళు, వీటన్నిటి ఖర్చూ ఆ ధరలోనే ఉంటుంది. పన్నులోనూ తేడా ఉంది. 2024లో ఇంటి విద్యుత్తుపై పన్ను 5 శాతం. బయటి చార్జింగుపై వసూలు చేసినది 20 శాతం.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. గోడ పెట్టె బిగించాలంటే ఇంటి ముందు కారు నిలిపే సొంత చోటు ఉండాలి. మేడమీది ఫ్లాటులో ఉండేవారికి, వీధిలో కారు నిలిపేవారికి ఆ వీలు తక్కువ. అదే కారు, అదే దూరం. అయినా ఒకరికి 2,280 పౌండ్లు, మరొకరికి 12,000 పౌండ్లు. తేడా 9,720 పౌండ్లు! ఈ తేడాను తగ్గించడానికే కౌన్సిళ్ళు దీపస్తంభాలకు చార్జర్లు పెట్టిస్తున్నాయి. కొన్నిచోట్ల కాలిబాటలో చిన్న గాడి తవ్వి, అందులో నుంచి ఇంటి కేబుల్ కారు వరకు తెచ్చుకోనిస్తున్నాయి. ఇంగ్లండులో కారు నిలిపే చోటుతో కట్టే కొత్త ఇళ్ళకు చార్జరు ఉండాలన్న నియమం 2022 జూన్ 15న అమలులోకి వచ్చింది.

కాబట్టి పిల్లలూ, ఏ వస్తువైనా కొనేటప్పుడు ఈ రోజు ధర ఒక్కటే చూడకండి. అది మనతో ఉండే ఏళ్ళన్నిటికీ ఎంత అవుతుందో లెక్క కట్టండి.

అభ్యాసము
1. ఏడాదికి 3,500 మైళ్ళు తిరిగే కుటుంబానికి గోడ పెట్టె ఖరీదు ఎన్నేళ్ళలో తిరిగి వస్తుంది?
2. మీ ఇంటి బిల్లులో యూనిట్ ధర ఎంత ఉందో పెద్దలను అడిగి, పై లెక్కను మళ్ళీ చేయండి.
3. మీ వీధిలో సొంత చోటు లేని కార్లు ఎన్ని? వాటికి చార్జింగు ఎలా అందించవచ్చో ఐదు వాక్యాలలో వ్రాయండి.