నానమ్మ చంకెక్కని క్రిస్మస్

మొన్న డిసెంబరు ఒకటో తారీఖున, ఇంకా నక్షత్రం కట్టకముందే, మా కోడలు చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ పెట్టింది. పండక్కి అందరూ రండి, పాపని చూడండి, ఆడించండి. కానీ దయచేసి ఎవరూ ఎత్తుకోవద్దు. ఎవరూ చేత్తో తినిపించొద్దు. పడి ఏడిస్తే మమ్మల్ని పిలవండి, మీరు ఊరుకోబెట్టొద్దు. ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దు.

అయిదు నిమిషాల్లో మా అక్క తెనాలి నుంచి ఫోను.

"నువ్వు కూడా ఎత్తుకోకూడదంటే?"

"నేను కూడా."

"నానమ్మవి కదే! అదేం చోద్యమే?"

చోద్యమేమీ కాదని ఫోనులో చెప్తే అర్థమయ్యేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఒక్క అక్కకే కాదు, దత్తత పిల్లో పిల్లాడో కొత్తగా ఇంటికొచ్చిన ప్రతి ఇంటి చుట్టాలకీ ఈ సందేహం ఉంటుంది.

నేను గుంటూరు ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషిని. చంకలో పిల్ల ఉంటే తప్ప నా చేతులు కుదురుగా ఉండవు. అలాంటి నాకు, మా అబ్బాయీ కోడలూ ఏళ్ల తరబడి ఎదురుచూడగా చూడగా నవంబరులో శిశుగృహ నుంచి వచ్చిన ఇరవై రెండు నెలల మనవరాలు. ఎత్తుకోవద్దని నాకు కోడలు చెప్పలేదు. ఇద్దరం కలిసే అనుకున్నాం.

ఎందుకంటే, ఆ పిల్ల ఎవరి దగ్గరికైనా వెళ్ళిపోయేది. తీసుకొచ్చిన రోజు ఆటో అతను చెయ్యి చాపితే అతని దగ్గరికి వెళ్ళింది. పాలబ్బాయి దగ్గరికి వెళ్ళింది. కరెంటు బిల్లు కొట్టడానికొచ్చిన కుర్రాడి కాలు పట్టుకుని ఎత్తుకోమంది. "అబ్బ, ఎంత కలుపుగోలు పిల్లో" అని వీధంతా మెచ్చుకుంది. నాకు మాత్రం గుండె కలుక్కుమంది. ఆ వయసు పిల్లకి కొత్త మొహం కనిపిస్తే బెదురుండాలి. అమ్మ కొంగు చాటున నక్కి, ఒక కన్నుతో చూడాలి. పడితే అమ్మ వచ్చేదాకా ఆరున్నొక్క రాగం తీయాలి. మా పాప గడప తట్టుకుని బోర్లా పడేది, ఒకసారి చుట్టూ చూసేది, మోకాలు దులుపుకోకుండానే లేచి వెళ్ళిపోయేది. ఏడిస్తే ఎవరో వస్తారన్న లెక్క ఆ పిల్లకి లేదు.

ఇందులో శిశుగృహ ఆయమ్మల తప్పేం లేదు. వాళ్ళకి షిఫ్టులుంటాయి. పొద్దున ఒకరు ముద్ద పెడతారు, రాత్రి ఇంకొకరు జోకొడతారు, వచ్చే నెల ఇద్దరూ మారొచ్చు. ఆ చేతుల మీద పెరిగిన పిల్లకి చేతులన్నీ ఒకటే. పాపని అప్పగించిన రోజు ఒక ఆయమ్మ, ఆ పిల్ల కప్పుకునే పాత దుప్పటి మడతపెట్టి మా కోడలి చేతికిచ్చి, "కొన్నాళ్ళు ఉతక్కండమ్మా, ఆ వాసన లేకపోతే పడుకోదు" అంది. నేను చదివిన నర్సింగు పుస్తకాల్లో ఈ మాట లేదు. ఆమెకు దండం పెట్టాలనిపించింది.

ఇలాంటి పిల్లల మీదే రుమేనియాలో 2000 సంవత్సరంలో అమెరికా శాస్త్రవేత్తలు ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. బుకారెస్టు అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసివాళ్ళలో సగం మందిని కుటుంబాల్లో పెట్టి, మిగతావాళ్ళతో పోల్చి ఏళ్ల తరబడి చూశారు. ఇళ్ళకి వెళ్ళిన పిల్లలు తేరుకున్నారు, అందులోనూ రెండేళ్లలోపు వెళ్ళినవాళ్ళు బాగా తేరుకున్నారు. తేరుకోవడమంటే ముఖ్యంగా ఇదే: వందమందిలో తన మనిషి ఎవరో పిల్లకి తెలియడం. అది తెలియాలంటే కొన్ని నెలలపాటు ఆకలికి, నిద్రకి, దెబ్బకి ఒకటే జత చేతులు రావాలి. మా ఇంట్లో రెండు జతలు, వాళ్ళ అమ్మవి, నాన్నవి. నావి లెక్కలో లేవు.

మరి నేనేం చేశాను? వంట చేశాను, గిన్నెలు తోమాను, బట్టలు ఉతికాను. నేల మీద కూర్చుని బంతి దొర్లించాను. బాలింత ఉన్న ఇంట్లో అత్తగారు ఏం చేస్తుందో అదే. కోడలు కనలేదు కదా, ఆమెకి బాలింత సేవలేమిటని ఒకరిద్దరు నవ్వారు. రాత్రి నాలుగుసార్లు లేచే మనిషికి పొద్దున వేడన్నం కావాలా వద్దా?

చుట్టాలు అడిగే రెండో ప్రశ్న, "కాగితాలన్నీ అయిపోయాయా?" పండగనాటికి కాలేదు. జనానికి తెలియని సంగతులు ఇందులో చాలా ఉన్నాయి కాబట్టి కాస్త చెప్తాను.

ఇప్పుడు మన దేశంలో శిశుగృహలోని పిల్లని దత్తత తీసుకోవాలంటే దారి ఒక్కటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ 'కారా' వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవడం. సోషల్ వర్కరు ఇంటికొచ్చి ఇల్లూ వాకిలీ, జీతం, మన మాటతీరు అన్నీ చూసి రిపోర్టు రాస్తారు. రెండేళ్లలోపు పిల్ల కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. ఆ తరవాత వరస వచ్చేదాకా ఎదురుచూపే. 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. ఎదురుచూసేవాళ్ళు అంతకు ఎన్నో రెట్లు. వరస వచ్చినప్పుడు పిల్ల ఫొటో, వైద్య పరీక్ష రిపోర్టు కంప్యూటర్లో కనిపిస్తాయి. మాకు కావాలని చెప్పడానికి 48 గంటలు గడువు. మా అబ్బాయి ఫొటో చూస్తూ కూర్చున్నాడు, నేను హిమోగ్లోబిన్ ఎంతో చూశాను. ఎవరి రోగం వాళ్ళది.

పిల్లని ఇంటికి తెచ్చుకున్నా, దత్తత ఉత్తర్వు వచ్చేదాకా అది 'దత్తతకి ముందు ఫోస్టర్ కేరే'. ఇదివరకు ఆ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. ఆ తరవాత కూడా, పిల్ల ఇంటికొచ్చిన దగ్గర్నుంచి రెండేళ్లపాటు ఆరునెలలకోసారి సోషల్ వర్కరు వచ్చి చూసి వెళ్తారు.

మాలాంటి క్రైస్తవ కుటుంబాలకి ఈ ఉత్తర్వు విలువ ఇంకో రకంగా తెలుసు. హిందువులకి 1956 నుంచీ దత్తత చట్టం ఉంది. క్రైస్తవులకీ ముస్లిములకీ పార్శీలకీ అలాంటిది లేదు. ఉన్నదల్లా 1890 నాటి గార్డియన్ల చట్టం. దానికింద పిల్లకి మనం గార్డియన్లం అవుతాం, అమ్మానాన్నలం కాము. మా చిన్న మేనత్త అలాగే ఒక బాబుని పెంచింది. కన్నకొడుకులా చదివించింది. మామయ్య పోయాక ఇంటి పంపకాల దగ్గర ఆయన తమ్ముళ్ళు అడిగిన మాట ఒక్కటే: "వీడు కాగితంలో ఏమవుతాడు?" గడ్డాలొచ్చిన మగపిల్లాడు ఆ మాటకి లేచి బయటికి వెళ్ళిపోవడం నా కళ్ళారా చూశాను. బాలల న్యాయ చట్టాన్ని 2006లో సవరించాకే ఏ మతంవాళ్ళయినా పూర్తి హక్కులతో దత్తత తీసుకునే వీలొచ్చింది. షబ్నం హష్మీ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. ఇప్పుడున్న 2015 చట్టం ప్రకారమైతే ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల అన్ని విధాలా ఆ తల్లిదండ్రుల పిల్లే, ఆస్తిలోనూ అంతే. అందుకని క్రిస్మస్‌కే బాప్తిస్మం ఇప్పించేద్దామని అందరూ తొందరపెట్టినా మావాళ్ళు ఆగారు. కలెక్టరుగారి కాగితం వచ్చాక ఇప్పిస్తామన్నారు. పాస్టరు అయ్యగారు కూడా సరేనన్నారు.

ఇక పండగ. గుంటూరులో క్రిస్మస్ అంటే ఒకరోజు పండగా? డిసెంబరు పుట్టగానే సెమీ క్రిస్మస్‌లు, మేడల మీద వెదురుకర్రలకి నక్షత్రాలు, అర్ధరాత్రి పూట క్యారల్స్. యూత్ పిల్లలు డ్రమ్ములతో, గిటారుతో వీధి వీధీ తిరిగి, తెల్లవారుజామున రెండింటికి తలుపు కొట్టి పాడితే గానీ పండగొచ్చినట్టుండదు నాకు. ఈసారి మా అబ్బాయి ముందుగానే వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడాడు. సాయంత్రం ఏడింటికల్లా మొట్టమొదట మా ఇంటికే వచ్చారు. డ్రమ్ము గేటు బయటే ఆగింది. ఒక్క పాట, మెల్లగా.

క్రిస్మస్ తాత వేషం కట్టిన కుర్రాడు ప్లాస్టిక్ మాస్కు తీసి చేతిలో పట్టుకుని లోపలికొచ్చాడు. పాప మాస్కు వంక చూసింది, అతని మొహం వంక చూసింది. కంటి రంధ్రంలోంచి వేలు దూర్చి, అవతల వేలు కదులుతుంటే చూసుకుంది. తరవాత ఆ వేలు బయటికి తీసి, రెండు చేతులూ అతని వైపు చాపింది, ఎత్తుకోమని. పాపం, ఆ కుర్రాడు వంగబోయాడు. కోడలు మధ్యలోకి వచ్చి, "అమ్మ ఉందిగా" అని తనే ఎత్తుకుంది. అతను దూది గడ్డంతో, చాక్లెట్ల సంచితో అలా నిలబడిపోయాడు. చాక్లెట్టు కూడా కోడలి చేతికే ఇవ్వాల్సొచ్చింది. ఆ రాత్రి అతనికి ఒక ప్లేటు అరిసెలు ఎక్కువ పెట్టాను.

అరిసెలంటే గుర్తొచ్చింది. మా పాపకి తిండి పిడికిట్లో దాచుకునే అలవాటుండేది. బిస్కెట్టు సగం తిని సగం గుప్పిట్లో పెట్టుకునే నిద్రపోయేది, పొద్దున పక్క దులిపితే పొడి. మళ్ళీ దొరుకుతుందో లేదోనన్న బెంగ. లాక్కోకూడదు, తిట్టకూడదు. నేను అరిసెలు వత్తుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. నా చేతిలోంచి కోడలి చేతికి, కోడలి చేతిలోంచి తన చేతికి ఒక అరిసె వెళ్ళింది. ఆ అరిసె పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆ చేతిలోనే ఉంది. నూనె మోచేతిదాకా కారింది. స్నానం చేయించేటప్పుడు కూడా వదల్లేదు. కోడలు ఒక డబ్బాలో నాలుగు అరిసెలు వేసి పిల్లకి అందే గూట్లో పెట్టింది, ఎప్పుడంటే అప్పుడు తీసుకోమని. వారం తిరిగేసరికి పిడికిలి ఖాళీగా పడుకోవడం మొదలైంది.

గుళ్లో రెండు విన్నపాలొచ్చాయి. సండే స్కూలు టీచరు పాపకి రెక్కలు కట్టి దేవదూతగా పశువులపాక పక్కన నిలబెడతామంది. సంఘపెద్దలు, దేవుడు ప్రార్థన ఆలకించాడు కదా, భార్యాభర్తలిద్దరూ పాపతో వేదిక మీదికొచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. మా అబ్బాయి రెండింటికీ వద్దన్నాడు. దత్తత పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని చట్టం కూడా చెప్తుంది. చట్టం సంగతి అలా ఉంచండి. ఆ పిల్ల ఎక్కడినుంచి వచ్చిందో మైకులో ఊరంతటికీ ముందు తెలిసి, ఆఖర్న ఆ పిల్లకి తెలియడం నాకు నచ్చదు. పిల్ల దగ్గర దాచాలనీ కాదు. మాటలొస్తున్నప్పటి నుంచే అన్నంతోపాటు కొంచెం కొంచెంగా చెప్తూ ఉండాలి. మావాళ్ళు ఇప్పటికే శిశుగృహ ఫొటోలు ఒక ఆల్బంలో పెట్టి చూపిస్తున్నారు.

ఇరవై నాలుగు రాత్రి ఆరాధన మావాళ్ళు మానేశారు. టపాకాయలకి పిల్ల బెదురుతుందని. ఇరవై అయిదు పొద్దున వెళ్ళి, పక్క గుమ్మం దగ్గర కూర్చుని, అరగంటకి లేచి వచ్చేశారు. అయ్యగారు యోసేపు గురించి ప్రసంగం చేశారు, తను కనని బిడ్డకి తనే పేరు పెట్టి తండ్రయ్యాడని. మన కోసమే చెప్తున్నారని మా అక్క నన్ను మోచేత్తో పొడిచింది. కాదు, ఆయన రెండేళ్లకోసారి అదే ప్రసంగం చేస్తారు.

భోజనాలు మేడ మీద షామియానా కింద పెట్టాం, కింద గదులు నిశ్శబ్దంగా ఉండేటట్టు. పాప పది నిమిషాలు పైకొచ్చేది, పావుగంట కిందికెళ్ళేది. కానుకలన్నీ బీరువా మీదికెక్కించాం. ఆదివారానికొకటి దించుతున్నాం, అదీ అమ్మ చేత్తోనే. మేడ మీద కట్టాల్సిన నక్షత్రం ఈ ఏడాది పడగ్గది కిటికీకి కట్టాం. శిశుగృహలో రాత్రంతా దీపం వెలుగుతుంది, చీకటి ఆ పిల్లకి కొత్త. వీధిలో ఒక్క మా మేడే బోసిగా ఉందని ఎదురింటావిడ అడిగింది. ఉంటే ఉండనీండి.

బాధ లేదని అనను. నా చీరకుచ్చెళ్ళు పట్టుకుని పైకి చూసినప్పుడల్లా "అమ్మ దగ్గరికి వెళ్దాం పద" అని వేలు పట్టుకుని నడిపించేదాన్ని. ఒళ్ళు జివ్వుమనేది. నా వంతు ఈస్టరుకని కోడలు మాటిచ్చింది.

జనవరి ఆఖర్లో మా అక్క మళ్ళీ వచ్చింది. గుమ్మంలోనే సంచీ కింద పడేసి, మెసేజీ సంగతి మర్చిపోయి, "రావే బంగారం" అని రెండు చేతులూ చాపింది. పాప ఒక అడుగు వెనక్కి వేసింది. వంటింట్లోకి పరిగెత్తి, కోడలి నైటీ పట్టుకుని, పెంకులెగిరిపోయేటట్టు ఏడుపు లంకించుకుంది. కోడలు గరిటె పట్టుకుని నా వంక చూసింది, నేను కోడలి వంక చూశాను.

"పండక్కి ఎంత చక్కగా నవ్విందే, ఇప్పుడేమొచ్చింది దీనికి?" అక్కకి కోపం ముంచుకొచ్చింది. "మీరిద్దరూ కలిసి పిల్లని పాడుచేశారు."

"అవునక్కా, మేమే చేశాం. కాఫీ తాగుతావా, ముందు అన్నం తింటావా?"