క్యాట్ మార్చే ముందు కొన్ని లెక్కలు

బండి పికప్ తగ్గి ఇంజిన్ లైటు వెలిగితే చాలు, 'క్యాట్ పోయింది, మార్చాల్సిందే' అంటారు మెకానిక్ షెడ్లలో. మార్చండి, కానీ అది ఎందుకు పోయిందో తేలాకే.

ఇంజిన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య ఉండే స్టీలు డబ్బానే క్యాట్, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె. చాలా కార్లలో చదరపు అంగుళానికి 400 నుంచి 600 సన్నని గొట్టాలు. వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. అన్నీ కలిపినా కొద్ది గ్రాములే. 2021లో ఔన్సు రోడియం ధర 29 వేల డాలర్ల దాకా వెళ్లింది. మరీ చవగ్గా ఇస్తున్నారంటే ఆ పూతలోనే కోత పడిందన్నమాట.

సుమారు 250 డిగ్రీల వేడెక్కితేనే అది పని మొదలుపెడుతుంది. నిజామాబాద్‌లో ఇంటి నుంచి ఖలీల్‌వాడి దాకా వెళ్లి ఆపేసే కారులో ఆ వేడి అందకపోవచ్చు. బోధన్ దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు నడిస్తే బాగా అందుతుంది. అందుకే చెరకు కోతల వేళ ఎండుటాకు మీద బండి ఆపకండి, నిప్పంటుకుంటుంది.

ఇక క్యాట్ ఎందుకు పోతుందో చూద్దాం. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడినా, చెరకు ఇప్పుడు ఇథనాల్ రూపంలో బంకులకు చేరుతోంది. 20 శాతం ఇథనాల్ కలిస్తే దాదాపు 13.5 కిలోల గాలి చాలు. ఈ తేడాను ఆక్సిజన్ సెన్సర్ పసిగడితే ఇంజిన్ సర్దుకుంటుంది. సెన్సర్ చెడినా, ప్లగ్గు సరిగా కొట్టకపోయినా మండని పెట్రోలు డబ్బాలోకి వెళ్లి అక్కడ మండుతుంది, దిమ్మె కరుగుతుంది. ఆ లోపం సరిచేయకుండా కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. డబ్బాను చేత్తో తడితే గలగలమంటే మాత్రం దిమ్మె విరిగినట్టే.

కొనేటప్పుడు ముందు ఆర్సీ తీసి బండి కాలుష్య ప్రమాణం బీఎస్-4నా, బీఎస్-6నా చూడండి. బీఎస్-4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 2020 ఏప్రిల్ 1న వచ్చాయి. పెట్రోలు కారుకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 0.08 గ్రాముల నుంచి 0.06కు తగ్గింది. కాబట్టి బీఎస్-6 కారుకు బీఎస్-4 డబ్బా వద్దు. ఛాసిస్ నంబరు చెప్పి, దానికి సరిపోయే పార్టు నంబరు బిల్లు మీద రాయించుకోండి. బిగించాక పొల్యూషన్ పరీక్షకు వెళ్లండి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు.

ఖర్చెందుకని డబ్బా తీయించి ఉత్త పైపు పెట్టించకండి. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద రూ.10 వేల దాకా జరిమానా పడుతుంది. ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు.