ఊరి కథ... తిరిగొచ్చింది!

మీ ఊరికి ఆ పేరెలా వచ్చింది? చెరువు తవ్వించిందెవరు? గుడి మాన్యం ఎవరిచ్చారు? ఇంట్లో పెద్దవాళ్లనడిగితే వాళ్ల తాత చెప్పినంతవరకూ చెబుతారు. ఆపైన తెలియదంటారు. రెండొందల ఏళ్ల కిందట సరిగ్గా ఇవే ప్రశ్నలతో ఊరూరా తిరిగారు కొందరు. వాళ్లు రాసుకొచ్చిన జవాబులే కైఫీయత్తులు. కడప జిల్లా ఊళ్ల కైఫీయత్తులు అచ్చులో చదువుకోగలుగుతున్నామంటే ఆ పుణ్యం కడపలోని ఓ గ్రంథాలయానిది.

స్కాట్లాండ్ నుంచి 1783లో మద్రాసు వచ్చిన కాలిన్ మెకంజీ ఉద్యోగం భూముల సర్వే. మనసంతా పాత శాసనాల మీద. తెలుగు రాదు. ఆ లోటు తీర్చింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. బొర్రయ్య 1803లోనే కన్నుమూసినా పని ఆగలేదు. మెకంజీ మనుషులు కరణాల దగ్గరికెళ్లేవారు. వాళ్లు భద్రంగా దాచుకున్న దండకవిలెలు చూసి రాసుకునేవారు. అడవి కొట్టి ఊరు కట్టిందెవరు, పాలెగాడెవరు, పొలిమేర ఎక్కడ, ఏ దేవుడికి ఎంత ఇనాం... అన్నీ! అన్నీ నిజాలేనా అంటే, కాదు. దేవుడు కల్లో కనబడి గుడి కట్టమన్న కథలూ ఉంటాయి. ఇనాం పోతుందేమోనన్న భయంతో చెప్పిన మాటలూ ఉండే ఉంటాయి. అయినా, రాజుల చరిత్రలో కనబడని ఊళ్లకు ఇంతకంటే దిక్కేముంది?

1821లో మెకంజీ పోయాక ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొంది. కొంత లండన్ చేరింది. తెలుగు కైఫీయత్తులు మద్రాసులో మిగిలాయి. కాగితం కదా, పురుగు పట్టి పాడవుతుంటే సి.పి.బ్రౌన్ పండితులతో తిరగరాయించారు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్న ఆ ప్రతులను చదవడమూ తేలిక కాదు. మాటకీ మాటకీ ఎడం ఉండని గొలుసుకట్టు రాత, మధ్యమధ్య పారసీ, మరాఠీ కచేరీ మాటలు!

బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికొచ్చారు. అక్కడే బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి తెలుగు పుస్తకాలు పరిష్కరింపజేశారు. తర్వాతి కాలంలో ఆ బంగళా మొండిగోడలకు వచ్చింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఊరుకోలేదు. విరాళాలు పోగుచేసి, ఎర్రముక్కపల్లిలోని ఆ స్థలంలోనే గ్రంథాలయం కట్టించారు. 1995లో తలుపులు తెరిచారు. తర్వాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

కడప కైఫీయత్తులను సంపుటాలుగా తెచ్చింది ఈ కేంద్రమే. పరిష్కరించింది కట్టా నరసింహులు. ఆ గొలుసుకట్టును విడదీసి, మనం చదవగలిగేలా పేర్చారు.

మరి మూల దండకవిలెలు? 1984లో కరణాల వ్యవస్థే రద్దయింది. మిగిలినవాటిలో ఏ అటక మీద ఏముందో చెప్పడం కష్టం. ఇళ్లలోంచి వచ్చిన తాళపత్రాలు బ్రౌన్ గ్రంథాలయంలో ఇప్పటికే చాలా ఉన్నాయి. ఇల్లు సర్దేటప్పుడు తాటాకుల కట్టో, పాత చేతిరాత కాగితాలో కనబడితే పొయ్యిలో పెట్టేముందు ఓసారి వాళ్లకు చూపించండి.