ముక్కుపుడకంత జల్లెడపై కణం గుట్టు!

కాఫీ గ్లాసు పట్టుకుంటే పెద్దాయన చేయి వణుకుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పావుగంట! ‘వయసు మీద పడింది కదా’ అనుకుంటాం. డాక్టరేమో పార్కిన్సన్స్ అంటారు. మెదడు కణాలు దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బిది. అసలు కణం లోపల ఏం జరుగుతోందో కళ్లారా చూడగలిగితే?

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉందిగా అంటారా? ఉంది. చిక్కల్లా కణం మందంతోనే. మిల్లీమీటరులో సుమారు అయిదు వేలవ వంతు మందం దాటితే ఎలక్ట్రాన్లతో బొమ్మ స్పష్టంగా రాదు. మన కణాలు అంతకు ఎన్నో రెట్లు మందం. ఇక్కడే కంప్యూటర్ చిప్‌ల పరిశ్రమలో వాడే విద్య ఆదుకుంది.

చెక్కేది ఇలా...

ముందు కణాల్ని ఓ జల్లెడ మీద పెంచుతారు. దాని వెడల్పు 3 మిల్లీమీటర్లే! రాగి కణాలకు పడదు కాబట్టి బంగారు జల్లెడ వాడతారు. తర్వాత సుమారు మైనస్ 180 డిగ్రీల ద్రవ ఈథేన్‌లో ముంచి క్షణంలో గడ్డకట్టిస్తారు. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు కణాన్ని చీల్చేస్తాయి. డీప్ ఫ్రిజ్‌లో పెట్టిన టమాటా కరిగాక ముద్దయిపోదూ, అలాగన్నమాట! ఆపైన గాలియం అయాన్ల పుంజంతో కణాన్ని పైనా కిందా చెక్కేసి, మధ్యలో పల్చటి రేకును మిగులుస్తారు.

ముగ్గేసి, పీట వేసి...

కణాలు జల్లెడ కమ్మీల మీద కూర్చుంటే చెక్కడం కుదరదు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జూలియా మహామిద్ బృందం 2020లో దీనికో ఉపాయం చూపించింది. జల్లెడకు కణాలు అంటుకోని పూత పూసి, గడుల మధ్యలో మాత్రం లేజర్‌తో దాన్ని తొలగించి, అక్కడ కణాలకు నచ్చే ప్రొటీన్ అద్దారు. అతిథికి ముగ్గేసి పీట వేసినట్టు! కణాలు వచ్చి అక్కడే కూర్చున్నాయి.

మరి ఆ జబ్బు సంగతి?

చెక్కే విద్యతోనే అదే ఏడాది అమెరికాలో, శాన్‌డీగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ విల్లా బృందం ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే ప్రొటీన్‌ను కణంలోనే చూసింది. దీని జన్యువులో మార్పులుంటే పార్కిన్సన్స్ వంశపారంపర్యంగా రావచ్చు. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో, మార్పు చెందిన ఈ ప్రొటీన్ సరకులు మోసే పట్టాల్లాంటి సన్నని గొట్టాలను మెలికలుగా చుట్టుకుని కనిపించింది.

ఇదే మందు కాదు సుమా! కానీ తాళం తీరు తెలిస్తేనే కదా, తాళంచెవి చేయించేది.

అన్నట్టు, ప్రతి వణుకూ పార్కిన్సన్స్ కాదు. అలాగని ‘వయసేలే’ అని సరిపెట్టుకోనూ వద్దు. ఓసారి నరాల డాక్టరుకు చూపించండి.